మౌనము అంగీకారము కాని చోటు

మౌనము అర్ధాంగీకారమని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట సంబంధములు మాటాడుకొను చోటను, నలుగురు కూర్చుండి తగవు తీర్చు చోటను చెల్లునేమో కాని, కర్మాగారమున చెల్లదు. బాయిలరు నొద్దనుండి ఏ వార్తయు రాకున్నచో బాయిలరు క్షేమముగా నున్నదని అర్థమా, వార్త తెచ్చు తీగ తెగినదని అర్థమా, లేక వార్త చెప్పవలసిన పరికరమే కాలిపోయినదని అర్థమా? ఇండస్ట్రియల్ నెట్‌వర్కింగ్ అను పేరిట నేడు వ్యాప్తిలో నున్న విద్య, అనగా యంత్రములను ఒకదానితో నొకటి కలిపి వాని స్థితిగతులను దూరమునుండి కనిపెట్టు విద్య, గడచిన డెబ్బదియేండ్లలో పెరిగిన తీరును పరిశీలించినచో, అందలి మేలిమి యంతయు ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే యున్నదని తోచును. వేగము, విస్తృతి, సౌలభ్యము అనునవి దాని వెనుక వచ్చినవే.

పూర్వకాలమున ఈ ప్రశ్నకు సమాధానము మనిషి కాళ్లలో నుండెను. షిఫ్టులో నున్న ఆపరేటరు చేత లాగ్‌బుక్కు పట్టుకొని, బాయిలరునుండి పంపునకు, పంపునుండి కంప్రెసరునకు గంటకొకసారి నడచి, ప్రతి మీటరు ముల్లును చూచి అంకె వ్రాసికొని వచ్చుచుండెడివాఁడు. ఆ నడకలో అతని చెవి బేరింగు చప్పుడులోని తేడాను, అతని అరచేయి మోటారు వేడిమిని, అతని ముక్కు కాలుచున్న ఇన్సులేషను వాసనను ఏ పరికరముయొక్క సాయమును లేకయే పసికట్టుచుండెడివి. కాని ఒక గంటకును మరుసటి గంటకును నడుమ జరిగిన దానిని లాగ్‌బుక్కు ఎరుగదు. కర్మాగారము నాలుగైదు ఎకరములకు విస్తరించిన పిమ్మట ఆ నడకయు చాలదు. అందుచేత మనిషి కొలతకడకు పోవుటకు మారుగా, కొలతయే మనిషికడకు వచ్చు ఏర్పాటు చేయవలసి వచ్చెను.

మొదట ఆ కొలతను మోసికొని వచ్చినది గాలి. సన్నని గొట్టములలో గాలిని నింపి, చదరపు అంగుళమునకు 3 పౌనులనుండి 15 పౌనులవరకు దాని పీడనమును మార్చుచు, అల్పమైన విలువకు 3, అత్యధికమైన విలువకు 15 అని ఏర్పరచుకొనిరి. నూనెశుద్ధి కర్మాగారములలో ఈ పద్ధతి చిరకాలము నడచెను. విద్యుత్తు లేనందున నిప్పురవ్వ పుట్టు భయములేదని దానికి గౌరవముండెను. ఇందొక సూక్ష్మము కలదు. కనిష్ఠమైన కొలతకు సున్న పౌనులు కాక మూడు పౌనులు ఏల ఉంచిరి? గొట్టము పగిలి గాలియంతయు పోయినచో పీడనము సున్నకు దిగును గదా; కొలతయే సున్న అయినప్పుడు మూడు, గొట్టమే పగిలినప్పుడు సున్న. మౌనమును, అల్పమైన పలుకును వేరుచేసి చూపిన మొదటి ఉపాయములలో ఇది యొకటి.

గాలి స్థానమున విద్యుత్తు వచ్చినప్పుడును ఈ వివేకమును ఇంజనీర్లు విడువలేదు. నాలుగు మిల్లీఆంపియరులనుండి ఇరువది మిల్లీఆంపియరులవరకు మారు కరెంటు ద్వారమున కొలతను పంపు పద్ధతి అట్లు పుట్టినదే. నేటికిని లక్షల పరికరములు ఆ భాషలోనే మాటలాడుచున్నవి. సున్ననుండి నూఱు డిగ్రీలవరకు కొలుచు ఉష్ణమాపకమును తీసికొందము. సున్న డిగ్రీలకు 4 మిల్లీఆంపియరులు, నూఱు డిగ్రీలకు 20, ఏబది డిగ్రీలకు సరిగా 12. ఒక్కొక్క డిగ్రీకి 0.16 మిల్లీఆంపియరు పెరుగును. వోల్టేజి నెన్నుకొనక కరెంటునే ఏల ఎన్నుకొనిరనగా, దూరము పోయినకొలది తీగయొక్క నిరోధముచేత వోల్టేజి తగ్గిపోవును గాని, ఒకే వలయమున ప్రవహించు కరెంటు మొదటను తుదను ఒక్కటిగానే యుండును. పైగా ఆ నాలుగు మిల్లీఆంపియరులు ఎప్పుడును ప్రవహించుచుండుటచేత, కొలుచు పరికరము తన బ్రతుకునకు కావలసిన శక్తిని ఆ రెండు తీగలనుండియే తీసికొనగలదు. వేఱుగ పవరు తీగ లాగవలసిన పని లేదు. తీగ తెగినదా, కరెంటు సున్నకు పడిపోవును. కంట్రోలు రూములో గంట మ్రోగును. 3.6 మిల్లీఆంపియరులకు తగ్గినను, 21కి మించినను అది కొలత కాదు, పరికరము చెడినదని తెలిపెడి సంకేతమని తరువాత నియమముగూడ నేర్పడెను.

ఈ పద్ధతికి ఒక్కటే లోపము. ఒక జత తీగలపై ఒక కొలతయే ప్రయాణము చేయును. ఐదువందల కొలతలున్నచో ఐదువందల జతల తీగలు కంట్రోలు రూమునకు రావలెను. నియంత్రణము చేయు ప్యానెళ్లును అదే విధముగ రిలేలతోను, వాని నడుమ అల్లుకొన్న తీగలతోను నిండియుండెడివి. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థయొక్క హైడ్రామాటిక్ విభాగము కార్లకు ఆటోమేటిక్ గేరుపెట్టెలను చేయుచుండెను. కారు నమూనా మారినప్పుడెల్ల ఆ రిలే ప్యానెళ్ల తీగలన్నియు విప్పి తిరిగి కట్టవలసి వచ్చుచుండెను. తీగలు మార్పకయే క్రమము మార్పగల సాధనము కావలెనని ఆ విభాగమువారు 1968లో కోరిరి. అదే కాలమున మాసచూసెట్స్ రాష్ట్రమున బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ అను చిన్న సంస్థలో డిక్ మోర్లీ మొదలైనవారు రూపొందించిన యంత్రము, ఆ సంస్థ చేపట్టిన ఎనుబదినాలుగవ పని యగుటచే 084 అను సంఖ్యతోను, మోడికాన్ అను పేరుతోను వెలసెను. నేడు పి.ఎల్.సి. అని ప్రతి ఫిట్టరు నోటను వినబడు ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలరునకు మూలపురుషులలో అది యొకటి.

ఆ యంత్రము పేరే తనకును గల మోడికాన్ సంస్థ 1979లో తన కంట్రోలరులు ఇతర పరికరములతో మాటలాడుటకు మోడ్‌బస్ అను సంభాషణ నియమావళిని ప్రకటించెను. దానిని ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చును. అర్థము చేసికొనుటకు పుటలు పుటలు చదువనక్కఱలేదు. అందుచేతనే దానికంటె ఘనమైన నియమావళులెన్ని పుట్టినను, నలుబదియేండ్లు దాటినను, అది నేటికిని వాడుకలోనుండి పోలేదు. 1983లో వెలువడిన ఆర్‌ఎస్-485 అను విద్యుత్ ప్రమాణము దానికి తగిన వాహనమాయెను: పెనవేసిన ఒక జత తీగ, దానిపై ముప్పదిరెండు పరికరములవరకు, తక్కువ వేగమున పన్నెండువందల మీటర్ల దూరమువరకు. హైదరాబాదున బాలానగరులోనో జీడిమెట్లలోనో ఒక చిన్న షెడ్డులో ప్యానెలు తలుపు తెఱచి, విద్యుత్తును లెక్కించు డిజిటల్ మీటరు వెనుక భాగమును చూచినచో, పెక్కింటికి ఏ, బీ అను రెండు స్క్రూలు కనబడును. యజమాని చాలమారులు వానిని వాడుకొనడు గాని, అతని కర్మాగారమునకు కావలసిన నెట్‌వర్కుయొక్క ద్వారము అప్పటికే తెఱచియున్నది.

ఆ రెండు తీగలపై జరుగు సంభాషణ బడిలో పంతులుగారు హాజరు పిలుచుట వంటిది. పిలుచువాఁడు ఒక్కఁడే; పిలువబడిన సంఖ్యగలవాఁడు మాత్రమే పలుకవలెను; తక్కినవారందఱు విని యూరకుండవలెను. ఒకటవ సంఖ్యగల ఉష్ణమాపకమును ప్రధాన యంత్రము అడుగునప్పుడు తీగపై పోవునవి ఎనిమిది అంకెలు మాత్రమే: 1, 3, 0, 0, 0, 1, 132, 10. మొదటి 1 అనునది పరికరము సంఖ్య. 3 అనగా ‘నీ రిజిస్టరు (అంకె దాచుకొను గడి) చదివి చెప్పుము’ అను ఆజ్ఞ. తరువాతి రెండు సున్నలు ఏ రిజిస్టరునుండి మొదలిడవలెనో తెలుపును. ఆపై సున్నయు ఒకటియు ఎన్ని రిజిస్టరులు కావలెనో తెలుపును. తుదనున్న 132, 10 అనునవి ముందటి ఆఱింటినుండి గణితముచేత రాబట్టిన తనిఖీ అంకెలు. దారిలో ఒక్క బిట్టు చెడినను లెక్క తప్పును, వినినవాఁడు ఆ మాటను పారవేయును. పరికరముయొక్క ప్రత్యుత్తరము 1, 3, 2, 1, 44 అని మొదలై మరల రెండు తనిఖీ అంకెలతో ముగియును: ఒకటవవాఁడను, నీవడిగిన మూడవ ఆజ్ఞకే బదులు, రెండు బైట్లు పంపుచున్నాను, అవి 1, 44. ఒకటిని 256తో గుణించి నలుబదినాలుగు కలిపిన 300 వచ్చును. ఆ పరికరము పదవ వంతు డిగ్రీలలో చెప్పునట్టిదైనచో అది 30.0 డిగ్రీలు. సెకనుకు 9600 బిట్ల వేగమున ప్రశ్నకు దాదాపు తొమ్మిది, సమాధానమునకు ఎనిమిది మిల్లీసెకనులు పట్టును. ముప్పది పరికరములను ఒక చుట్టు పలుకరించి వచ్చుటకు సెకనో రెండు సెకనులో చాలును. గంటకొకసారి నడచిన ఆపరేటరు పనిని ఈ తీగ క్షణమున కొకసారి చేయుచున్నది.

ఇందులోను మౌనమునకు వేఱు, నిరాకరణమునకు వేఱు సంకేతములున్నవి. పరికరమున లేని రిజిస్టరును అడిగినచో అది ఊరకుండదు. ఆజ్ఞ సంఖ్య 3నకు 128 కలిపి 131 అని బదులిచ్చి, ‘నేనున్నాను గాని నీవడిగినది నాయొద్ద లేదు’ అని తెలుపును. నిర్ణీత సమయములో బదులే రాకున్నచో ప్రధాన యంత్రము దానిని టైమౌట్ అని లెక్కించి మరల పిలువవలెను. రెండుమూడు మారులు పిలిచినను పలుకనిచో ప్రమాద సూచన చేయవలెను. ఈ పిలుపు, ఈ వేచియుండుట, ఈ అనుమానము మూడును కలిసినప్పుడే అది నెట్‌వర్కు అనిపించుకొనును.

కాగితముపై ఇంత సులభముగ కనబడు ఈ విద్య ఫ్యాక్టరీ గోడలమీదికి వచ్చుసరికి తన చిక్కులను తాను తెచ్చుకొనును. ఒక కంపెనీవారు ఏ అని వ్రాసిన స్క్రూను మఱియొక కంపెనీవారు బీ అని వ్రాయుదురు. అందుచేత పరికరము పలుకనప్పుడు అనుభవజ్ఞుఁడైన టెక్నీషియను మొట్టమొదట చేయు పని ఆ రెండు తీగలను తారుమారు చేసి చూచుట. పుస్తకమున 40001 అని అచ్చువేసిన రిజిస్టరు తీగపై సున్నగా పోవలెనని తెలియక, పొరుగు రిజిస్టరునకు చెందిన అంకెను ఉష్ణోగ్రతయని నమ్మినవారు కలరు. తీగ ఒక పరికరమునుండి మఱియొకదానికి వరుసగా పోవలెను గాని చెట్టుకొమ్మలవలె చీలరాదు. రెండు చివరలను 120 ఓముల రెసిస్టరులు పెట్టనిచో, వేగము హెచ్చినపుడును దూరము పెరిగినపుడును సంకేతము చివరివఱకు పోయి వెనుకకు మరలివచ్చి తరువాతి మాటను చెడగొట్టును. మోటారుల వేగమును మార్చు డ్రైవుల కేబుళ్ల ప్రక్కనే ఈ తీగను ఒకే ట్రేలో పఱచినచో, డ్రైవు ఆడుచున్నంతసేపు అంకెలు పిచ్చెత్తినట్లు ఎగురును. డ్రైవు ఆపగానే శాంతించును. నెట్‌వర్కు చెడినదని సాఫ్ట్‌వేరును నిందించు ముందు ట్రే మూత తీసి చూడుమని మెయింటెనెన్సువారు చెప్పుట ఇందువలననే.

మోడ్‌బస్ ఒక్కటే ఉండియుండినచో కథ సులభముగ నుండెడిది. ఎనుబదుల కాలమున జర్మనీలో ప్రొఫిబస్, మోటారు వాహనములకై బాష్ సంస్థ 1986లో ప్రకటించిన క్యాన్, నాలుగు-ఇరువది మిల్లీఆంపియరుల తీగపైననే సన్నని స్వరముగ అంకెల సమాచారమును కలిపి పంపు హార్ట్, ఇట్లు పలుభాషలు పుట్టెను. వీనినన్నిటిని ఒక్క ప్రమాణమునకు తేవలెనని అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము ఏండ్ల తరబడి చర్చించి, తుదకు ఒకదానికొకటి పొసగని ఎనిమిది పద్ధతులను ఒకే ప్రమాణ గ్రంథమున చేర్చి ఊరకుండెను. ఏకాభిప్రాయమునకై కూర్చుండినవారు ఎనిమిది అభిప్రాయములతో లేచిపోయిరని ఆ రంగమువారు నేటికిని నవ్వుకొందురు.

ఇంతలో ఆఫీసులనుండి ఈథర్‌నెట్ ఫ్యాక్టరీలోనికి ప్రవేశించెను. జిరాక్సు సంస్థ పరిశోధనాలయమున 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్ ఆలోచించిన ఆ పద్ధతిలో, ఇద్దరు ఒకేసారి మాటలాడినచో ఇద్దరును ఆగి, ఎవరికి తోచినంతసేపు వారు వేచి మరల ప్రయత్నించుట నియమము. ఆఫీసులో ఉత్తరము అరసెకను ఆలస్యమైనను నష్టము లేదు. కాని కాగితపు మిల్లులో పదులకొలది రోలర్లు ఒకే వేగమున తిరుగునప్పుడు, ఆజ్ఞ ఎప్పుడు చేరునో చెప్పజాలని తీగ పనికిరాదు. రెండు దిక్కులకు వేఱు దారులిచ్చు స్విచ్చులు వచ్చిన పిమ్మట ఆ ఢీకొనుటలు తొలగెను. ఆ తరువాత ప్రొఫినెట్, ఈథర్‌క్యాట్ మొదలైనవి ఈథర్‌నెట్‌ను సమయపాలనకు లోబరచెను. 2003లో జర్మన్ సంస్థ బెకాఫ్ ప్రకటించిన ఈథర్‌క్యాట్‌లో సందేశము ఏ పరికరము నొద్దను ఆగదు; పోవుచుండగనే ప్రతి పరికరమును తనకు చెందిన భాగమును చదివికొని, తాను చెప్పవలసినది అందే వ్రాసి సాగనంపును. సెకనులో లక్షవ వంతులలో లెక్కించు పనికి ఇది సమర్థమైనది. మన పాఠకులలో ఎవరికైనను చిన్న కర్మాగారమున్నచో ఇంత వేగము అవసరములేదు. నీటి తొట్టిలో మట్టము క్షణములో లక్షవ వంతున మారదు.

యంత్రములనుండి పై అంతస్తులకు పోవు వార్తాప్రవాహము వేఱొక అధ్యాయము. పి.ఎల్.సి.లనుండి అంకెలను సేకరించి బొమ్మలుగా, రేఖలుగా తెరపై చూపు వ్యవస్థను స్కాడా అందురు. 1996లో పుట్టిన ఓపీసీ అను ప్రమాణము, వివిధ కంపెనీల పరికరములనుండి వచ్చు అంకెలను ఒక్క రీతిగ అందించుటతోపాటు మఱియొక మేలుచేసెను. ప్రతి అంకెతోడను అది ఏ సమయమున కొలిచినదో, దాని నాణ్యత మంచిదా, చెడ్డదా, సందేహాస్పదమా అను ముద్రనుగూడ చేర్చెను. వయస్సు తెలియని అంకెను నమ్మరాదను నీతి అందున్నది. 1999లో నూనె గొట్టపు మార్గములను ఉపగ్రహముల ద్వారమున కనిపెట్టుటకై ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనువారు రచించిన ఎంక్యూటీటీ అను నియమావళిలో ఇంకను చక్కని ఏర్పాటు కలదు. పరికరము మొదట కలియునప్పుడే తన వీలునామాను మధ్యవర్తి కంప్యూటరునొద్ద దాచుకొనును: ‘నేను చెప్పకుండ మాయమైనచో ఈ సందేశమును అందఱకు వినిపింపుము.’ పరికరము నిర్ణీతకాలము పలుకకున్నచో ఆ వీలునామా తనంత తాను చదువబడును.

మన దేశమున ఈ కనిపెట్టుట యజమాని ఇచ్ఛకు మాత్రమే విడువబడలేదు. ఔషధములు, సిమెంటు, కాగితము, ఎరువులు మొదలైన అత్యధిక కాలుష్యమును కలిగించు 17 తరగతుల పరిశ్రమలు తమ పొగగొట్టములను, మురుగు కాలువలను నిరంతరము కొలిచి, ఆ అంకెలను నేరుగా కాలుష్య నియంత్రణ మండళ్లకు పంపు ఆన్‌లైన్ పరికరములను అమర్చవలెనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించెను. హైదరాబాదు చుట్టుపట్ల ఔషధ కర్మాగారములు వీని పరిధిలోనివే. ఆ విధముగ కర్మాగారముయొక్క తీగ ప్రహరీ దాటి ప్రజల సొత్తాయెను.

ఇంతవఱకు తీగ తెగిన మౌనమునుగూర్చి చెప్పితిమి. దానికంటె మాయగలది కదలని అంకె. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైరునందలి బన్స్‌ఫీల్డు చమురు డిపోలో 2005 డిసెంబరు 11, ఆదివారము తెల్లవారకముందు, 912 సంఖ్యగల ట్యాంకులోనికి పైపులైనుద్వారా పెట్రోలు నింపుచుండిరి. సుమారు మూడు గంటలకు ట్యాంకు మట్టమును కొలుచు పరికరము చిక్కుకొనిపోయి, ఒకే అంకెను చూపుచు నిలిచిపోయెను. పెట్రోలు వచ్చుచునే యున్నది. అంకె మాత్రము మారుటలేదు. చివరి రక్షణగా వేఱుగా అమర్చిన హైలెవెల్ స్విచ్చి ఒకటి యుండెను గాని, పరీక్షకై ఉంచిన దాని లీవరును సరియైన స్థానమున నిలుపు తాళము లేనందున అదియు పనిచేయలేదు. ఐదున్నర దాటిన పిమ్మట ట్యాంకు పొంగెను. ఆఱు గంటలకు ప్రేలుడు సంభవించెను. నలుబదిముగ్గురు గాయపడిరి, ఆదివారపు వేకువ యగుటచేత ప్రాణనష్టము తప్పెను. తెరపై అంకె కనబడుచునే యుండెను, ఎఱ్ఱదీపము వెలుగలేదు, గంట మ్రోగలేదు. ట్యాంకు నిండుచుండగా మట్టము మారకుండుటయే వార్తయని ఆ వ్యవస్థకు ఎవరును నేర్పియుండలేదు.

మూడవది అసత్యమాడు అంకె. మోడ్‌బస్‌లో తాళపుచెవి లేదు. తీగకు చేరినవాఁడు ఎవఁడైనను ప్రధాన యంత్రమువలె ఆజ్ఞ యీయవచ్చును. గోడలలోపల తీగ ఉన్నంతకాలము అది దోషము కాలేదు. ఇంటర్నెట్టునకు కలిపిన దినమున దోషమాయెను. 2010లో బయల్పడిన స్టక్స్‌నెట్ అను దుష్ట ప్రోగ్రాము ఇరాను దేశమున నతాంజ్ యురేనియము కేంద్రమునందలి సెంట్రిఫ్యూజులను నడుపు కంట్రోలరులలో చేరి, యంత్రములను లోలోపల చెఱచుచు, ఆపరేటరులకు మాత్రము అంతకుముందు నమోదు చేసికొన్న మంచి అంకెలను తిరిగి చూపునట్లు రచింపబడెను. 2015 డిసెంబరు 23న ఉక్రెయిను విద్యుత్ సంస్థలలో చొరబడినవారు సబ్‌స్టేషనుల బ్రేకరులను దూరమునుండి విప్పి, సుమారు 2,25,000 మంది వినియోగదారులకు విద్యుత్తు లేకుండ చేసిరి. అంతటితో ఆగక, పాత సీరియల్ తీగలను ఈథర్‌నెట్‌తో కలుపు చిన్న పెట్టెలలోని ప్రోగ్రామునుగూడ చెఱచి, కంట్రోలు రూము మరల పలుకరింప వీలులేకుండ చేసిరి. ఉద్యోగులు బండ్లెక్కి సబ్‌స్టేషనులకు పోయి చేతులతో బ్రేకరులను వేయవలసివచ్చెను. చేతితో వేయు వీలు ఇంకను మిగిలియుండుటచేతనే కొన్ని గంటలలో దీపములు వెలిగెను. ఫ్యాక్టరీ నెట్‌వర్కును అంతస్తులుగా విభజించి, ఆఫీసు అంతస్తునకును యంత్రముల అంతస్తునకును నడుమ గట్టి ద్వారముంచవలెనని పెద్దలు చెప్పుచున్నది ఇందులకే.

నాలుగవది అన్నిటికంటె దారుణమైనది, అది మన విశాఖపట్టణమున జరిగినది. 2020 మే 7 వేకువను ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీను అను రసాయనపు ఆవిరి వెలువడి వేంకటాపురము మొదలైన పరిసర గ్రామములపై పడెను. పన్నెండుగురు మరణించిరి, వందలమంది ఆసుపత్రుల పాలైరి. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము విచారించి చెప్పిన విషయములలో రెండు ఇచట గమనింపదగినవి. ఆ ట్యాంకున ఉష్ణోగ్రతను అడుగుభాగమున మాత్రమే కొలుచుచుండిరి. నడుమను, పైభాగమునను కొలుచు ఏర్పాటు లేదు. లాక్‌డౌను కాలమున కదలక నిలువయున్న ద్రవము పైపొరలలో వేడెక్కి, అణువులు గొలుసులుగా కలియుచు మఱింత వేడిని పుట్టించుచున్నను, అడుగున శీతలీకరణమునకు దగ్గఱగ నున్న మాపకము ఆ వేడిని ఎరుగదు. ఆ కర్మాగారమున సైరను మ్రోగించుటకు 36 చోట్ల మీటలున్నను, ఆ రాత్రి ఒక్కదానినైనను నొక్కలేదు. ఇచట తీగ తెగలేదు, అంకె ఘనీభవింపలేదు, పరదేశపు చొరబాటుదారుఁడు లేడు. అడుగవలసిన చోట ప్రశ్న అడుగలేదు. చెప్పవలసిన వారికి వార్త చెప్పలేదు. ప్రపంచములో నెంతటి వేగముగల నెట్‌వర్కయినను, పెట్టని మాపకమునుండి అంకెను తేలేదు.

కావున ఈ విద్యను కొనఁదలచినవారు, అమ్మవచ్చినవారి రంగుల తెరలను చూచుటకు ముందు, తమ కర్మాగారము చుట్టు ఒకమారు నడచి, ఏది చెడినచో మనిషి ప్రాణము పోవునో, ఏది ఆగినచో పని ఆగునో, ఏది వృథాగ పోవుచున్నదో వ్రాసికొనుట మేలు. ఆ పట్టికయే నెట్‌వర్కుయొక్క మొదటి పటము. ప్రాణరక్షణకు సంబంధించిన స్విచ్చులు, తీగ తెగినను యంత్రము ఆగునట్లుగ, నెట్‌వర్కుతో సంబంధము లేక వేఱుగ నుండవలెను. ప్రతి అంకె ప్రక్కను దాని వయస్సు కనబడవలెను. మారవలసిన అంకె మారకున్నచో గంట మ్రోగవలెను. బయటివారికి చూచు అధికారమే తప్ప ఆజ్ఞాపించు అధికారము ఈయరాదు. గంటకొకసారి నడచు ఆపరేటరును ఇంటికి పంపివేయరాదు. అతని చెవియు ముక్కును ఇంకను ఏ తీగకును లొంగని మాపకములు.

ఆరంభమునకు పెద్ద ధనము అక్కఱలేదు. ఐ.టి.ఐ.లోను, పాలిటెక్నిక్కులోను చదువుచున్న మన పిల్లలు ఒక విద్యుత్ మీటరును, ఒక జత పెనవేసిన తీగను, ఒక పాత కంప్యూటరును కలుపుకొని ఈ సంభాషణను ఒక సాయంకాలమున నేర్వగలరు. చిన్న షెడ్డుల యజమానులు తమ మీటర్ల వెనుకనున్న ఆ రెండు స్క్రూలను వారిచేత వాడించుకొనగలరు. ఆ వచ్చిన మొదటి అంకెను చూచి సంతోషించుటతో ఆగక, తీగను తమ చేతితో తామే ఒకమారు తెంచి, తమ వ్యవస్థ ఆ మౌనమును గుర్తించి పిలుచునో లేదో చూడవలెను. గుర్తింపనిచో, ఆ తెరపై ఎన్ని పచ్చదీపములు వెలుగుచున్నను దానిని నమ్మి రాత్రి నిద్రపోవలదు.